పంపకాల కాగితంలో మా నాయనమ్మ లేదు: ఒక ప్లీడరు గారి సేవకు నా మార్కులు

ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ రెండింటికీ ఆయన అన్ని విధాలా అర్హులు. మిగతా మూడు ఎలా పోయాయో చెప్పాలంటే మాత్రం కాస్త వివరంగా రాయక తప్పదు. పేరు రాయడం లేదు. మా తెనాలిలో సివిల్ కేసులు చూసే పాత ప్లీడర్లలో ఒకరు, నలుగురూ మంచివారని చెప్పుకునే పెద్దమనిషి అనుకుంటే చాలు. ఆ గుర్తులకు సరిపోయేవారు చాలామందే ఉన్నారు కనుక ఎవరో ఒకరిని ఊహించుకుని ఫోన్లు చేయవద్దని మనవి.

పని మా నాన్నగారి ఆస్తి పంపకం. నాన్నగారు 2019లో పోయారు. వీలునామా రాయలేదు. బడిపంతులుగా చేసి జీతం మీద కట్టుకున్న ఇల్లు ఒకటి, రెండెకరాల మాగాణి, బ్యాంకులో కొన్ని డిపాజిట్లు, అంతే ఆస్తి. తాతగారి నుంచి వచ్చింది చారెడు నేల కూడా లేదు, మొత్తం స్వార్జితం. అమ్మ ఉంది. పిల్లలం ముగ్గురం. నేను పెద్దదాన్ని, నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు. పెద్ద తమ్ముడు తెనాలిలోనే ఉంటాడు, చిన్నవాడు ఇంగ్లండులో. ఇల్లు పెద్ద తమ్ముడికి, చెరో ఎకరం నాకూ చిన్నవాడికీ, డిపాజిట్లు అమ్మకు అని మాలో మేము మాట్లాడుకున్నాం. కోర్టు అవసరమే లేని పంపకం.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరి ఇలాంటిది ఐదారు వేలకు సాయంత్రంలోపు రాసి ఇచ్చేస్తాడు. ప్లీడరు గారు ముప్ఫై వేలు అడిగారు, స్టాంపులూ రిజిస్ట్రేషన్ ఖర్చులూ వేరే. ఆడిటరు ఆఫీసులో లెక్కలు చూసే నాకు ఆ తేడా కనిపించకుండా ఎలా ఉంటుంది? అయినా ఆయన దగ్గరికే వెళదామని పట్టుబట్టింది నేనే. లేఖరి మనం చెప్పింది రాస్తాడు. ప్లీడరయితే మనకు చెప్పడం తెలియనిది కూడా అడిగి రాబడతారు. ఆ పైన పాతిక వేలు దానికోసమేనని అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ముందు మంచి చెబుతాను. మొదటిసారి కూర్చున్నప్పుడే పెద్ద తమ్ముడు నసుగుతూ "అక్క పెళ్లికి నాన్నగారు బాగానే పెట్టారండీ" అన్నాడు. ప్లీడరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అది పెళ్లి ఖాతా నాయనా. వారసత్వం ఖాతాలో దాన్ని తగ్గించుకోవడం కుదరదు" అన్నారు. తర్వాత ఓపికగా విడమరిచారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అది ఆనాటికి పెళ్లి కాని వారికే. 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. మాది స్వార్జితం కాబట్టి ఈ రెండింటితోనూ పని లేదు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదటి నుంచీ అలాంటి ఆస్తిలో కూతురిని కొడుకుతో సమానంగానే చూస్తోంది. తమ్ముడు మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. ఒక నక్షత్రం అక్కడిది.

రెండోది కాగితాల పనికి. చిన్న తమ్ముడు రాలేని రోజులవి, 2020. వాడు లండన్‌లోని భారత హైకమిషన్‌లో ధ్రువీకరణ చేయించి పెద్ద తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ పంపాడు. విదేశంలో రాసిన అలాంటి పత్రం మన దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి. మా చుట్టాల్లో ఒకరు ఆ సంగతి తెలియక కొరియర్ కవరు బీరువాలో దాచుకుని తర్వాత జరిమానా కట్టారు. మా ప్లీడరు గారు కవరు వచ్చిన వారంలోనే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని చేయించారు. ఇంటి హద్దులు పాత దస్తావేజులో ఒకలా, ఇప్పుడు ఒకలా ఉంటే గుమాస్తాను పంపి కొలిపించి, మారిన డోరు నంబరు, పాత డోరు నంబరు రెండూ షెడ్యూలులో వేశారు. రిజిస్ట్రేషన్ రోజు మమ్మల్ని బల్లల చుట్టూ తిప్పలేదు. పొలం పాసుపుస్తకాలలో పేర్లు మారేదాకా గుమాస్తా వెంటబడి చేయించాడు.

ఇక మూడు నక్షత్రాలు పోయిన చోటు.

చిత్తు ప్రతి చదివి వినిపించడానికి ప్లీడరు గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ఎండవేళ. వరండాలో మంచం మీద మా నాయనమ్మ కూర్చుని ఉంది, నాన్నగారి తల్లి. చిన్నాన్న ఇంట్లో ఉండేది కానీ నాన్నగారు పోయాక తరచూ మా దగ్గరికి వచ్చి కొన్నాళ్లు ఉండిపోయేది. ఆయనకు మజ్జిగ ఇప్పించింది ఆవిడే. "ఉప్పు సరిపోయిందా బాబూ" అని అడిగింది. సరిపోయిందమ్మా అన్నారు ఆయన. గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు: "సదరు మృతునికి భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మినహా వేరే వారసులు ఎవరూ లేరు." ఆ మాట పోయినాయన కన్నతల్లికి వినపడేంత దూరంలోనే ఆయన కుర్చీ ఉంది.

హిందువులలో మగవారు వీలునామా లేకుండా పోతే ఆస్తి ముందుగా మొదటి తరగతి వారసులకు వెళుతుంది. ఆ జాబితా మొదట్లోనే వరుసగా కొడుకు, కూతురు, భార్య, తల్లి అని ఉంటుంది. తండ్రి ఆ తరగతిలో లేడు, రెండో తరగతిలో ఉన్నాడు. తల్లి మాత్రం భార్యా బిడ్డలతో సమానంగా ఒక పూర్తి వాటాకు హక్కుదారు. కాబట్టి నాన్నగారి ఆస్తి అయిదు భాగాలు కావాలి. మా దస్తావేజు నాలుగు భాగాలుగా నడిచింది. మా ఇష్టప్రకారం ఎవరికి ఏది ఇచ్చుకున్నా ఫరవాలేదు, కానీ ఆ ఇష్టం అయిదుగురిదీ కావాలి, అయిదు సంతకాలు ఉండాలి. హక్కుదారును వదిలేసి చేసుకున్న పంపకానికి ఆ హక్కుదారు కట్టుబడనక్కరలేదు.

అంత అనుభవం ఉన్న ప్లీడరు ఇది ఎలా వదిలేశారు? తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం చూసి రాశారు. అందులో నాలుగు పేర్లే ఉన్నాయి. నాయనమ్మ రేషన్ కార్డు చిన్నాన్న ఇంటిది కనుక ఆవిడ పేరు అందులోకి ఎక్కలేదు. పింఛనుకో, బ్యాంకు పనికో ఆ పత్రం పనికొస్తుంది. ఎవరు వారసులో తేల్చేది చట్టం. తహసీల్దారు గారి పత్రంలో పేరు లేనంత మాత్రాన చట్టం ఇచ్చిన వాటా పోదు. ఈ తేడా నాకు తెలియవలసిన అవసరం లేదు. ఆయనకు తెలియకపోతే ముప్ఫై వేలు దేనికి తీసుకున్నట్టు?

నాయనమ్మ 2022లో పోయింది. 2024లో పెద్ద తమ్ముడు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనేవారు బ్యాంకు అప్పు పెట్టుకున్నారు, లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి పాత దస్తావేజులు, బ్యాంకు తరఫున కాగితాలు పరిశీలించే ప్యానెల్ న్యాయవాదికి వెళ్లాయి. అక్కడి నుంచి ఒక్క వాక్యం వెనక్కి వచ్చింది: మృతుని తల్లి ఎప్పుడు మరణించారు, మరణ ధ్రువీకరణ పత్రం జతచేయగలరు. తమ్ముడు అదేదో లాంఛనం అనుకుని ఆ పత్రం స్కాన్ చేసి పంపించాడు. నాన్నగారి మరణం 2019, ఆయన తల్లి మరణం 2022. మరునాడు అప్పు ఆగిపోయింది.

బ్యాంకు న్యాయవాదులు ఇలా గుచ్చి గుచ్చి అడుగుతారని జనం విసుక్కుంటారు. వారికీ భయం ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు గృహరుణాల వ్యవహారంలో తప్పు అభిప్రాయం ఇచ్చిన ప్యానెల్ న్యాయవాదిని సీబీఐ నిందితుడిగా చేర్చింది. ఆయన మీద కేసును హైకోర్టు కొట్టేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూ, కుట్రలో భాగం ఉందనడానికి ఆధారం లేకుండా కేవలం అభిప్రాయం తప్పయిందని నేరం మోపడం కుదరదని, అయితే నిర్లక్ష్యానికీ వృత్తిపరమైన దుష్ప్రవర్తనకూ జవాబు చెప్పుకోవలసి రావచ్చని అంది. మాకు అప్పు ఆపిన ఆ న్యాయవాది ఎవరో నేను చూడలేదు. చూస్తే నమస్కారం పెడతాను. మేము ముప్ఫై వేలు ఇచ్చింది ఆ ఒక్క ప్రశ్న కోసమే, దాన్ని ఆయన మాకు ఊరికే అడిగిపెట్టారు.

ఇప్పుడు లెక్క చూడండి, నాకు బాగా తెలిసిన విద్య ఇదొక్కటే. నాన్నగారి మొత్తం ఆస్తిలో నాయనమ్మది ఐదో వంతు. ఆవిడ కూడా వీలునామా రాయకుండా పోయింది కనుక ఆ ఐదో వంతు ఆవిడ పిల్లలకు వెళుతుంది. ఆవిడకు నలుగురు: మా నాన్నగారు, చిన్నాన్న, ఇద్దరు మేనత్తలు. ఒక్కో శాఖకు ఇరవయ్యో వంతు. నాన్నగారు ముందే పోయారు కనుక ఆ శాఖ వాటా మా ముగ్గురికీ వస్తుంది, అందులో అమ్మకు రాదు, ఎందుకంటే ముందే పోయిన కొడుకు పిల్లలు ఆ వరుసలో ఉన్నారు కానీ ఆ కొడుకు భార్య లేదు. మిగిలిన మూడు ఇరవయ్యో వంతులు, అంటే వందకు పదిహేను రూపాయలు, మా చేతుల్లో ఉన్నాయి కానీ మావి కావు. తమ్ముడు అమ్మబోయిన ఇంట్లో కూడా ఉన్నాయి. నాన్నగారి కంటే ముందు నాయనమ్మ పోయి ఉంటే ఈ లెక్క ఏదీ లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస మీద ఇంత నడుస్తుంది.

ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాం. నేను ఆయన మీద కోపంగా ఉన్న మాట నిజమే కానీ ఆ గదిలోకి వెళ్లేటప్పటికి ఇంకా పెద్దగా లేదు. మనిషన్నాక మరిచిపోతారు, ఒప్పుకుని దారి చూపిస్తే సరిపోయేది. ఆయన దస్తావేజు నకలు తీసి చివరి పేజీ మా వైపు తిప్పారు. "పార్టీలు తెలిపిన వివరములను అనుసరించి తయారు చేయడమైనది" అని అక్కడ ఉంది. "మీరు చెప్పిందే రాశామమ్మా" అన్నారు. నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ మీరు తాగారండీ అన్నాను. దానికి జవాబు రాలేదు. కొంచెంసేపాగి, సవరణ దస్తావేజు ఒకటి వేస్తే చాలని, దాని ఫీజు పన్నెండు వేలు అవుతుందని చెప్పారు.

ఫీజు మాట విన్నాక నా కోపం సంపూర్ణమైంది. పైగా ఆ సలహా కూడా తప్పు. సవరణ దస్తావేజుతో సర్వే నంబరో, ఇంటి పేరో, హద్దో తప్పు పడితే దిద్దుకోవచ్చు. రాసుకున్నవారి ఉద్దేశం ఒకటై, కాగితం మీద మరొకటి పడినప్పటి మందు అది. అసలు ఒప్పందంలోనే లేని మనిషి హక్కును, ఆవిడ పోయాక, మా నలుగురి సంతకాలతో సవరించడం ఎలా కుదురుతుంది? గుంటూరులో ఒక న్యాయవాదిని కలిశాక ఇది తెలిసింది. ఆమె గురించి కింద చెబుతాను.

డిపాజిట్ల సంగతీ అప్పుడే బయటపడింది. "నామినీ అమ్మగారే కదా, అవి అమ్మగారివే, కాగితంలోకి ఎక్కించనక్కరలేదు" అని ఆయన 2020లో అన్నారు. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు పుచ్చుకునే మనిషి, సొంతదారు కాదని సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల విషయంలోనే 2010లో చెప్పింది. డబ్బు అమ్మకే ఉండాలని మేము అనుకున్నాం కనుక మా మధ్య గొడవ రాలేదు. కాగితంలో రాయకపోవడం వల్ల అందులోనూ నాయనమ్మ ఐదో వంతు అలాగే ఉండిపోయింది.

మరి ఆయన మీద ఏం చేయవచ్చు? ఇది చదివేవారికి అసలు కావలసింది ఇదేనేమో. నాకు మొదట తట్టింది వినియోగదారుల కమిషన్. ఫ్రిజ్ పాడయితే వెళతాం, 1995 నుంచి డాక్టర్ల మీద కూడా వెళుతున్నాం, ప్లీడరు మీద ఎందుకు వెళ్లకూడదు? వెళ్లవచ్చని జాతీయ కమిషన్ 2007లో అంది కూడా. కానీ 2024 మే 14న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. న్యాయవాద వృత్తి ప్రత్యేకమైనదని, ఎలా నడిపించాలో కక్షిదారు చేతిలో ఉంటుందని, అది వ్యక్తిగత సేవా ఒప్పందం కాబట్టి వినియోగదారుల చట్టం కిందికి రాదని తీర్పు. నడిపించడం నా చేతిలో ఉందట! వారసుల జాబితా చూసే చట్టం నా చేతిలో ఉంటే ఆయన గడప ఎందుకు ఎక్కుతాను? తీర్పును గౌరవిస్తాను, ఒప్పుకోమంటే మాత్రం నావల్ల కాదు.

ఆ తీర్పు న్యాయవాదులకు పూర్తి రక్షణ ఇచ్చిందని కొందరు చెబుతున్నారు, అది సరికాదు. మామూలు సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉంది. బ్రిటిష్ వారి కాలంలో, 1926లో, ప్లీడర్ల ఫీజుల మీద ఒక చిన్న చట్టం చేశారు. దాని అయిదో సెక్షను ఇప్పటికీ అమల్లో ఉంది. పని ఒప్పుకున్న ప్లీడరు తన నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి, కేవలం ప్లీడరు అయినంత మాత్రాన దావా నుంచి తప్పించుకోలేడని దాని సారాంశం. అయితే కోర్టు రుసుము కట్టాలి, సాక్ష్యం చూపాలి, ఊళ్లో ఒక ప్లీడరు మీద వాదించడానికి ఇంకో ప్లీడరు దొరకాలి. మూడేళ్ల కాలపరిమితి ఉంది. దస్తావేజు 2020ది, తప్పు తెలిసింది 2024లో. ఆ మూడేళ్లు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే మొదటి వాయిదాలన్నీ గడిచిపోతాయని గుంటూరు న్యాయవాది ముందే చెప్పారు.

అంతకంటే పెద్ద చిక్కు నష్టం ఎంత అన్నది. మేనత్తలకు ఇవ్వవలసి వచ్చింది ప్లీడరు చేసిన నష్టం అని నేను వాదించబోయాను. ఆమె నవ్వి, "అది చట్ట ప్రకారం వారిదే కదండీ, మీ జేబులోంచి పోయినట్టు ఎలా అవుతుంది?" అన్నారు. నిజమే. మా వాదన వేరే ఉండాలి: 2020లోనే నాయనమ్మను అడిగి ఉంటే ఆవిడ సంతోషంగా తన వాటా మనవలకు వదులుకుంటూ సంతకం పెట్టేది, ఆ అవకాశం ఈయన వల్ల పోయింది అని. పెట్టేదని నాకు తెలుసు, మా వీధి మొత్తానికి తెలుసు. కోర్టుకు తెలియజేయవలసిన మనిషి మాత్రం లేదు. ఇక మిగిలేది రెండోసారి అయిన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు, రెండో ఫీజు, అమ్మకం ఆలస్యమైనందుకు కొనుగోలుదారుకు తగ్గించిన మొత్తం. దానికోసం ఏళ్ల తరబడి దావా వేయడం దండగ అని తేల్చుకున్నాం. పెద్ద ఆస్తులున్నవారు అలా తేల్చుకోనవసరం లేదు.

రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు అన్నది మూడో మార్గం, 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షను. వారు మందలించగలరు, కొంతకాలం ప్రాక్టీసు ఆపగలరు, పేరు తీసేయగలరు. మన నష్టం ఇప్పించరు. పైగా కేవలం అజాగ్రత్తను దుష్ప్రవర్తన అనలేమని సుప్రీంకోర్టు 1963లోనే అంది. కక్షిదారు డబ్బు తినేసిన వారి మీద, అవతలి పక్షంతో చేతులు కలిపిన వారి మీద ఆ దారి పట్టవచ్చు. మా ప్లీడరు గారు అలాంటి మనిషి కాదు. నాకు అంత కోపంలోనూ ఆయన నిజాయితీ మీద అనుమానం రాలేదు.

చిన్న తమ్ముడు ఇదంతా ఫోనులో విని ఆశ్చర్యపోయాడు. అక్కడ సొలిసిటర్లకు, అంటే ఇలాంటి కాగితాల పని చూసే న్యాయవాదులకు, వృత్తి బీమా తప్పనిసరి. ఒక పెద్దాయన కూతుళ్లతో గొడవపడి వీలునామాలో వారికి ఏమీ లేకుండా చేసి, తర్వాత రాజీపడి, చెరి తొమ్మిది వేల పౌండ్లు ఇస్తూ కొత్తది రాయమని సొలిసిటర్లకు చెప్పాడట. వారు జాప్యం చేశారు, ఈలోగా ఆయన పోయాడు. ఆ కూతుళ్లు సొలిసిటర్ల కక్షిదారులు కాకపోయినా నష్టం సొలిసిటర్లే కట్టాలని 1995లో అప్పటి అక్కడి పై కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. మన దగ్గర న్యాయవాదికి అలాంటి బీమా తప్పనిసరి కాదు, తప్పు జరిగితే సొంత జేబు తడుముకోవాలి. "మీరు చెప్పిందే రాశాం" అన్న వాక్యం వెనక ఆ భయం కూడా ఉండి ఉంటుంది. ఈ మాట ఆయన పక్షాన చెబుతున్నాను.

గుంటూరు న్యాయవాదికి అయిదు నక్షత్రాలు. నలభై దాటిన మనిషి, చిన్న ఆఫీసు, కుర్చీలు చాలవు, ఫోను ఒక పట్టాన ఎత్తరు. అవేవీ నాకు పట్టలేదు. కూర్చోగానే తెల్లకాగితం అడ్డంగా పెట్టి మధ్యలో నాన్నగారి పేరు రాసి, పైన తల్లి, పక్కన భార్య, కింద పిల్లలు అని గీతలు గీశారు. ప్రతి పేరు కింద "ఉన్నారా, పోయారా, పోతే ఏ తేదీ" అని అడిగారు. నాన్నగారికి ఇంకో పెళ్లి ఉందా అని అమ్మ ముందే అడిగారు. అమ్మ ముఖం ఎర్రబడింది, ఆమె మాత్రం తల ఎత్తకుండా జవాబు కోసం పెన్ను పట్టుకుని కూర్చున్నారు. దత్తత ఉందా, ముందే పోయిన పిల్లలున్నారా, వారికి పిల్లలున్నారా అని అన్నీ అయ్యాక ఆ కాగితం మీద అందరి చేతా సంతకం చేయించి తేదీ వేయించారు. పాత ప్లీడరు గారి దగ్గర ఇలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే పైన "తల్లి" అన్న గడి ఖాళీగా కనిపించేది.

ఆమె చూపిన దారి: చిన్నాన్న, ఇద్దరు మేనత్తలు 2020 నాటి పంపకాన్ని ఆమోదిస్తూ, నాయనమ్మ ద్వారా తమకు వచ్చిన వాటాలను మా పేర హక్కు విడుదల దస్తావేజుతో వదులుకోవాలి. డిపాజిట్ల మాట కూడా అందులోనే రాయాలి. చిన్నాన్న మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. రేపల్లె అత్తయ్య కూడా అంతే. గుంటూరు పెద్దత్తయ్య మాత్రం "మా అమ్మ వాటాలో నాకు లేదా మరి?" అంది. ఉంది అత్తయ్యా అన్నాను. "అయితే రిజిస్ట్రేషన్ విలువ కట్టొద్దు, బజారు విలువ కట్టు" అంది. తమ్ముడు చిరాకు పడ్డాడు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఇరవయ్యో వంతు బజారు విలువ మీద లెక్కకట్టి ముగ్గురం పంచుకుని ఇచ్చాం, దస్తావేజులో ఆ మొత్తం రాయించాం. ఆ పైన అప్పు మంజూరయింది, ఇల్లు అమ్ముడుపోయింది.

పాత ప్లీడరు గారికి ఫీజు వెనక్కి ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. రాతలో జవాబు రాలేదు. కొన్నాళ్లకు గుమాస్తా పదివేలు కవరులో పెట్టుకుని వచ్చాడు, కూడా ఒక టైపు చేసిన రసీదు. "పొరపాటు ఏమియు అంగీకరించకుండా, మర్యాదపూర్వకముగా, పూర్తి పరిష్కారము కింద" అని ఉంది. "పూర్తి పరిష్కారము కింద" అన్న మూడు మాటలూ కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, "ముప్ఫై వేలలో పదివేలు ముట్టినవి" అని రాసి ఇచ్చాను. గుమాస్తా అది చదువుకుని, అమ్మగారూ ఇలా తీసుకెళితే నన్ను తిడతారండీ అన్నాడు. తిట్టించుకో నాయనా అన్నాను.

మిగతా ఇరవై వేలు ఇంకా రాలేదు. మొన్న మా ఎదురింటివారు హద్దుల తగాదాకు ఎవరైనా మంచి ప్లీడరు ఉంటే చెప్పమన్నారు. ఈయన నంబరే ఇచ్చాను. హద్దులు ఆయనలా చూసేవారు మా ఊళ్లో లేరు. పంపకాలకయితే గుంటూరు బస్సు ఎక్కమన్నాను.